సాగే సెన్సార్లతో శరీర కదలికల కొలత: హైదరాబాదు పరిశోధన, సైబరాబాదు అవసరం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

శరీరం కదిలినప్పుడు చర్మం సాగుతుంది. ఆ సాగుదలను విద్యుత్ సంకేతంగా మార్చే సెన్సార్లు భౌతికశాస్త్రం, పదార్థశాస్త్రం, వైద్యశాస్త్రం కలిసే చోట ఎదిగిన పరిశోధనాంశం. ఈ వ్యాసం అటువంటి సెన్సార్ల పనితీరును మూలసూత్రాల నుంచి వివరిస్తుంది. హైదరాబాదు ఐ.ఐ.టి.లో పెన్సిల్ రబ్బరుపై కార్బన్ నానోనాళికలతో జరిగిన ప్రయోగాన్ని ప్రధానోదాహరణగా పరిశీలిస్తుంది. గంటల తరబడి కుర్చీలో కూర్చొని పనిచేసే సైబరాబాదు ఉద్యోగులకు ఈ పరికరాలు ఎంతవరకు ఉపకరిస్తాయి, అవి కొలిచేదేమిటి, కొలవలేనిదేమిటి, ఆ కొలతపై హక్కు ఎవరిది అన్న ప్రశ్నలను చర్చిస్తుంది.

కీలకపదాలు: సాగే సెన్సార్లు, వికృతి, గేజ్ గుణకం, కార్బన్ నానోనాళికలు, శైథిల్యం, భంగిమ, సైబరాబాదు, వ్యక్తిగత డేటా.

1. ఉపోద్ఘాతం

1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. హైటెక్ సిటీకి అది తొలి భవనం. ఆ తరువాత రాళ్లగుట్టల నడుమ గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం మీదుగా సమాచార సాంకేతిక సంస్థలు విస్తరించాయి. ఈ మార్పును ఆర్థిక కోణం నుంచీ, నగర విస్తరణ కోణం నుంచీ పరిశీలించిన అధ్యయనాలు అనేకం. ఉద్యోగి శరీరం కోణం నుంచి జరిగిన పరిశీలన మాత్రం ఆలస్యంగా మొదలైంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నగరంలోని ఐ.టి. ఉద్యోగులపై చేసిన అధ్యయనం 2023లో ప్రచురితమైంది. పరిశీలించినవారిలో సుమారు 46 శాతం మందిలో జీవక్రియా సంలక్షణం కనిపించింది. వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ అన్న ప్రమాణాన్ని అందుకున్నవారు 22 శాతమే. సగటున ఉద్యోగి రోజుకు 8 గంటలకు పైగా కూర్చొనే ఉంటున్నాడు. హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు పాల్గొన్న మరో అధ్యయనం 2025లో వెలువడింది. అందులో 84 శాతం మంది ఐ.టి. ఉద్యోగుల కాలేయంలో కొవ్వు అధికంగా ఉన్నట్లు తేలింది.

రక్తపరీక్షను ప్రయోగశాల చేస్తుంది, కాలేయాన్ని యంత్రం పరిశీలిస్తుంది. కానీ “రోజుకు ఎంతసేపు కూర్చుంటారు? మెడ ఎంతసేపు వంచి ఉంచుతారు? మధ్యలో ఎన్నిసార్లు లేస్తారు?” అన్న ప్రశ్నలకు సర్వేలలో సాధారణంగా ఉద్యోగి జ్ఞాపకమే ఆధారం. జ్ఞాపకం కొలమానం కాదు. ఈ లోటును పూరించగల సాధనాలలో ఒంటిపై ధరించే సాగే సెన్సార్ ఒకటి.

చేతి గడియారాలలో, చరవాణులలో ఉండే త్వరణమాపకాలు ఇప్పటికే అడుగులను లెక్కిస్తున్నాయి కదా అన్న సందేహం సహజం. త్వరణమాపకం తానున్న చోటి కదలికను మాత్రమే గ్రహిస్తుంది. మణికట్టుకు కట్టిన గడియారానికి మెడ వంగిన సంగతి తెలియదు. కీలు వంపు తెలియాలంటే కీలుకు ఇరువైపులా రెండు పరికరాలు ఉండాలి. భ్రమణ వేగాన్ని కాలంతో కూడి కోణాన్ని రాబట్టే పద్ధతిలో చిన్న దోషాలు పోగుపడి, గంటలు గడిచేకొద్దీ లెక్క పక్కదారి పడుతుంది. కెమెరాతో కదలికను కచ్చితంగా కొలవవచ్చు. అయితే రోజంతా కెమెరా ఎదుట ఉండడం ఆచరణలో సాధ్యం కాదు, వాంఛనీయమూ కాదు. కీలు మీద చర్మంతోపాటు తానూ సాగే పట్టీ ఈ రెండింటికీ భిన్నమైన మార్గం.

2. చర్మం ఎంత సాగుతుంది?

సెన్సార్‌కు ఎంత సాగే గుణం కావాలో నిర్ణయించేది శరీర నిర్మాణమే. ఒక వస్తువు పొడవులో కలిగిన మార్పును దాని అసలు పొడవుతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని వికృతి అంటారు. కీలు వంగినప్పుడు పైచర్మం ఎంత సాగుతుందో అంచనా వేయడానికి సులభమైన లెక్క ఉంది. కీలు భ్రమణ కేంద్రం నుంచి చర్మానికి ఉన్న దూరాన్ని, రేడియన్లలో కొలిచిన వంపు కోణంతో గుణించాలి.

వేలినే తీసుకోవచ్చు. వేలి మందం 16 మి.మీ. అనుకుంటే, కేంద్రం నుంచి చర్మానికి దూరం సుమారు 8 మి.మీ. వేలు 90 డిగ్రీలు, అంటే సుమారు 1.57 రేడియన్లు వంగితే పైచర్మం దాదాపు 12.6 మి.మీ. సాగాలి. కీలు మీద అతికించిన సెన్సార్ పొడవు 25 మి.మీ. అయితే వికృతి 50 శాతం. మోకాలు, మోచేయి వద్దా ఇదే స్థాయి వికృతి ఎదురవుతుంది. మణికట్టు వద్ద నాడి కొట్టుకున్నప్పుడు చర్మంలో కలిగే వికృతి 1 శాతం కూడా ఉండదు. శ్వాసతో ఛాతీ చుట్టుకొలతలో వచ్చే మార్పు ఈ రెండు కొసల మధ్య ఉంటుంది.

కాబట్టి ‘శరీర కదలిక’ అన్న ఒకే మాట కింద పరస్పర విరుద్ధమైన రెండు అవసరాలు ఉన్నాయి. ఒకటి, అతి స్వల్పమైన మార్పును పసిగట్టే సున్నితత్వం. రెండవది, అసలు పొడవుకు ఒకటిన్నర రెట్లు సాగినా తెగిపోని ఓర్పు. ఈ రంగంలోని పరిశోధనలో అధికభాగం ఈ రెండింటి మధ్య రాజీ కోసం జరిగిన అన్వేషణే.

3. తీగ నుంచి రబ్బరు దాకా: సంక్షిప్త చరిత్ర

లోహపు తీగను లాగితే దాని విద్యుత్ నిరోధం మారుతుందని 1856లో విలియం థామ్సన్, అంటే తరువాతి కాలపు లార్డ్ కెల్విన్, గమనించాడు. ఈ పరిశీలన ఉపయోగకరమైన పరికరంగా మారడానికి ఎనిమిది దశాబ్దాలు పట్టింది. 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ విడివిడిగా సన్నని తీగను వస్తువుకు అతికించి వికృతిని కొలిచే గేజ్‌ను రూపొందించారు. వంతెనలు, విమానపు రెక్కలు, తూకపు యంత్రాలు నేటికీ ఆ సూత్రంపైనే ఆధారపడుతున్నాయి. అయితే లోహపు గేజ్ కొద్ది శాతం వికృతికే పరిమితం. ఇనుప దూలానికి అది చాలు, మోకాలికి చాలదు.

శరీరం కోసం సాగే గేజ్‌ను రూపొందించిన తొలి ప్రయత్నాలలో ముఖ్యమైనది 1953 నాటి ఆర్. జె. విట్నీ పరికరం. సన్నని రబ్బరు గొట్టంలో పాదరసం నింపి, అవయవం చుట్టూ కట్టి, రక్తప్రవాహం వల్ల దాని పరిమాణంలో కలిగే మార్పును ఆయన కొలిచాడు. నేడు కొత్తగా కనిపించే ‘ద్రవలోహ సెన్సార్’ భావనకు మూలం ఇక్కడే ఉంది. విషపూరితమైన పాదరసం స్థానంలో ఇప్పుడు గాలియం–ఇండియం మిశ్రమలోహాన్ని వాడుతున్నారు. అది గది ఉష్ణోగ్రత వద్ద ద్రవంగానే ఉంటుంది.

2011లో జపానుకు చెందిన తకేవో యమద, కెంజి హతా బృందం ఒకే దిశలో అమర్చిన ఏకకుడ్య కార్బన్ నానోనాళికల పొరను సిలికోన్ రబ్బరుపై పరచి, 280 శాతం వికృతి వరకు కొలవగల సెన్సార్‌ను తయారుచేసింది. దానిని మేజోళ్లకు, కట్టుపట్టీలకు, చేతితొడుగులకు అమర్చి కదలికలను నమోదు చేసింది. అదే ఏడాది జాన్ రోజర్స్ బృందం పచ్చబొట్టులా చర్మానికి అంటుకునే ఎలక్ట్రానిక్ పొరను ప్రకటించింది. 2014లో డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల పరిశోధకులు మామూలు రబ్బరు బ్యాండ్లలోకి గ్రాఫీన్‌ను చొప్పించి, 800 శాతానికి మించిన వికృతిని కొలవగలిగారు. అదే ఏడాది కొరియా పరిశోధకులు సాలెపురుగు కాలిలోని చీలికల వంటి అవయవాన్ని అనుసరించి, లోహపు పొరలో ఉద్దేశపూర్వకంగా పగుళ్లు సృష్టించి, అసాధారణ సున్నితత్వాన్ని సాధించారు.

4. పనిచేసే సూత్రాలు

4.1 నిరోధ పద్ధతి

వాహకపు నిరోధం దాని పొడవుకు అనులోమంగానూ, అడ్డుకోత వైశాల్యానికి విలోమంగానూ ఉంటుంది. రబ్బరు గొట్టాన్ని లాగితే పొడవు పెరుగుతుంది, గొట్టం సన్నబడుతుంది. రబ్బరు ఘనపరిమాణం దాదాపు మారదు కనుక పొడవు ఒకటిన్నర రెట్లయితే అడ్డుకోత అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఈ రెండు ప్రభావాలూ కలిసి నిరోధం ఒకటిన్నర వర్గం, అంటే 2.25 రెట్లు అవుతుంది. ద్రవలోహ సెన్సార్ ప్రవర్తన మొత్తం ఈ ఒక్క లెక్కలో ఇమిడి ఉంది.

నానోనాళికలు, గ్రాఫీన్ రేకులు కలిపిన రబ్బరులో వ్యవహారం ఇంత సరళం కాదు. అక్కడ విద్యుత్తు ఒక అఖండ వాహకం గుండా కాక, ఒకదానినొకటి తాకుతూ పడి ఉన్న కోట్లాది సన్నని పోగుల వల గుండా ప్రవహిస్తుంది. లాగినప్పుడు కొన్ని స్పర్శలు తెగిపోతాయి. కొన్ని పోగుల మధ్య నానోమీటర్ల దూరం ఏర్పడుతుంది. ఆ ఖాళీని ఎలక్ట్రాన్లు క్వాంటం యాంత్రికశాస్త్రం అనుమతించే టన్నెలింగ్ ప్రక్రియ ద్వారా దాటుతాయి. దూరం పెరిగేకొద్దీ ఆ ప్రవాహం ఘాతీయంగా పడిపోతుంది. కంటికి కనిపించని ఖాళీలో వచ్చిన స్వల్ప మార్పు నిరోధంలో స్పష్టమైన మార్పుగా వ్యక్తమవడానికి కారణమిదే.

4.2 కెపాసిటర్ పద్ధతి

రెండు సాగే వాహక పొరల మధ్య రబ్బరు రోధకాన్ని ఉంచితే అది కెపాసిటర్ అవుతుంది. దీనిని లాగినప్పుడు పొడవు పెరుగుతుంది, వెడల్పు తగ్గుతుంది, రోధకం మందం కూడా తగ్గుతుంది. వెడల్పు, మందం ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి కనుక వాటి ప్రభావాలు పరస్పరం రద్దవుతాయి. చివరికి కెపాసిటీ నేరుగా పొడవుతోపాటే పెరుగుతుంది. 50 శాతం సాగితే కెపాసిటీ 50 శాతం పెరుగుతుంది. సున్నితత్వం తక్కువైనా ఈ సరళరేఖ సంబంధం వల్ల లెక్కింపు సులభమవుతుంది. పైగా ఇక్కడ ఫలితాన్ని నిర్ణయించేది ఆకారమే కాని పోగుల స్పర్శలు కావు. అందుచేత లాగినప్పుడూ వదిలినప్పుడూ విలువ చాలావరకు ఒకే దారిలో నడుస్తుంది. సమీపంలోని చేయి, తడి, తీగల కదలిక వల్ల కలిగే అంతరాయం ఈ పద్ధతికి ప్రధాన లోపం.

4.3 గేజ్ గుణకం – ఒక రాజీ

నిరోధంలో సాపేక్ష మార్పును వికృతితో భాగిస్తే గేజ్ గుణకం వస్తుంది. లోహపు గేజ్‌కు ఇది సుమారు 2. పైన పేర్కొన్న కొరియా పగుళ్ల సెన్సార్‌లో ఇది 2000 దాటింది, కాని 2 శాతం వికృతి పరిధిలో మాత్రమే. జపాను నానోనాళికల సెన్సార్ 280 శాతం వరకు సాగింది. దాని గేజ్ గుణకం 40 శాతం వికృతి వరకు 0.82, ఆ పై పరిధిలో 0.06 మాత్రమే.

ఈ అంకెలను పక్కపక్కన ఉంచితే అసలు విషయం స్పష్టమవుతుంది. సున్నితత్వం కావాలంటే కొద్దిపాటి లాగుడుకే వాహక మార్గాలు తెగాలి. సాగే గుణం కావాలంటే ఎంత లాగినా మార్గాలు మిగలాలి. ఒకే పదార్థంలో ఈ రెండూ పూర్తిగా నెరవేరవు. అందువల్ల ‘అత్యుత్తమ సెన్సార్ ఏది?’ అన్న ప్రశ్నకు అర్థం లేదు. ‘ఏ అవయవానికి, ఏ కదలికకు?’ అన్నదే సరైన ప్రశ్న. పరిశోధన పత్రాలలో గేజ్ గుణకాన్ని మాత్రమే పోల్చి పరికరాల తరతమ భేదాన్ని నిర్ణయించే ధోరణి కనిపిస్తుంది. వికృతి పరిధిని చెప్పకుండా గేజ్ గుణకాన్ని చెప్పడం అసంపూర్ణ సమాచారమే అవుతుంది.

5. హైదరాబాదు ప్రయోగం: చెరిపే రబ్బరుపై నానోనాళికలు

సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. 2008లో ఏర్పడింది. అక్కడి విద్యుత్ ఇంజనీరింగ్ విభాగంలో పరీక్షిత్ సహతియ, సుష్మీ బధూలిక చేసిన ఒక ప్రయోగం 2017లో ‘నానోటెక్నాలజీ’ పత్రికలో ప్రచురితమైంది. విద్యార్థులు పెన్సిల్ గీతలను చెరిపే రబ్బరును వారు ఆధారఫలకంగా ఎంచుకున్నారు. బహుకుడ్య కార్బన్ నానోనాళికలను దానిపై పరచి, అప్పడాల కర్ర వంటి రోలర్‌తో ఒత్తి, యాంత్రిక పీడనంతో అదిమి పొరగా మార్చారు. ద్రావణులు లేవు, అధిక ఉష్ణోగ్రత అవసరం లేదు.

ఈ ప్రయోగంలో గమనించదగిన అంశాలు మూడు.

మొదటిది, ద్రావణి లేకపోవడం. నానోనాళికలను సాధారణంగా ఏదో ఒక ద్రవంలో కలిపి, పూసి, ఆరబెడతారు. ఆ ద్రవాలలో చాలావాటిని జాగ్రత్తగా పారవేయాలి. పీడనంతో నేరుగా అతికించినప్పుడు ఆ దశ తప్పుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

రెండవది, రబ్బరుకు అప్పగించిన రెండు పనులు. వికృతి సెన్సార్‌లో అది ఆధారఫలకం. పీడన సెన్సార్‌లో అదే రోధకం. విడిగా రోధకపు పొరను నిర్మించే దశ అవసరం లేకపోయింది. ఒకే ముక్క వంపునూ స్పర్శనూ కొలవగలిగింది.

మూడవది, పట్టు. నానోనాళికలు రబ్బరు ఉపరితలంలో యాంత్రికంగా బిగుసుకొనడం వల్ల లాగినప్పుడు అవి జారవు. జారకపోతే వదిలినప్పుడు మునుపటి స్థానానికి తిరిగి వస్తాయి. శైథిల్యం తగ్గడానికి పరిశోధకులు చూపిన కారణమిదే. ఈ సెన్సార్‌ను శరీరంలోని వివిధ భాగాలపై అమర్చి కదలికలను, స్పర్శను నమోదు చేశారు.

వికృతి సెన్సార్ గేజ్ గుణకం 2.4గా తేలింది. అంటే లోహపు గేజ్‌కు దాదాపు సమానం. సున్నితత్వపు పోటీలో ఇది ముందువరుస అంకె కాదు. ఈ ప్రయోగం విలువ మరోచోట ఉంది. లోహం చేయలేని విధంగా శరీరంతోపాటు వంగే ఆధారంపై, లోహంతో సమానమైన సున్నితత్వాన్ని, ఏ కళాశాల ప్రయోగశాలలోనైనా సమకూర్చుకోగల సామగ్రితో సాధించవచ్చని అది చూపింది.

ఇక్కడ వంగడానికీ సాగడానికీ ఉన్న భేదాన్ని గుర్తించడం అవసరం. ఒక పలకను వంచినప్పుడు దాని పైతలంలో కలిగే వికృతి, పలక మందంలో సగాన్ని వంపు వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. 0.1 మి.మీ. మందమున్న ప్లాస్టిక్ పొరను 10 మి.మీ. వ్యాసార్ధంతో వంచితే వికృతి 0.5 శాతమే. 5 మి.మీ. మందమున్న రబ్బరును 25 మి.మీ. వ్యాసార్ధంతో వంచితే 10 శాతం. పలుచని పొర చర్మంపై హాయిగా ఉంటుంది కాని వంపును తక్కువగా చూపుతుంది. మందపాటి ముక్క వంపును బాగా చూపుతుంది కాని ఒంటికి బరువవుతుంది. ‘ఫ్లెక్సిబుల్’, ‘స్ట్రెచబుల్’ అన్న మాటలను సమానార్థకాలుగా వాడినప్పుడు ఈ భేదం మరుగున పడుతుంది. తెలుగులో ‘వంగే’, ‘సాగే’ అన్న రెండు స్పష్టమైన మాటలు ఉండనే ఉన్నాయి.

6. ప్రయోగశాల నుంచి కార్యాలయానికి: అడ్డంకులు

6.1 శైథిల్యం, విశ్రాంతి: రబ్బరు పూర్తి స్థితిస్థాపక పదార్థం కాదు, దానిలో స్నిగ్ధత కూడా ఉంటుంది. లాగినప్పుడు ఒక దారిలో, వదిలినప్పుడు మరొక దారిలో విలువ నడుస్తుంది. ఒకే వికృతికి రెండు విలువలు వస్తాయి. అంతేకాక, లాగి పట్టుకొన్నప్పుడు వికృతి మారకపోయినా సంకేతం మెల్లగా మారుతూ ఉంటుంది. నడక వంటి వేగమైన కదలికకు ఇది పెద్ద సమస్య కాదు. కంప్యూటర్ ముందు గంటసేపు కదలకుండా వంచిన మెడ విషయంలో ఇదే ప్రధాన సమస్య. సైబరాబాదు ఉద్యోగి విషయంలో కొలవవలసింది కదలిక కాదు, కదలకపోవడం. పరిశోధన పత్రాలు ప్రదర్శించే వేలి వంపు, మోకాలి వంపు రేఖాచిత్రాలు ఈ పరీక్షకు సమాధానం చెప్పవు.

6.2 ఉష్ణోగ్రత: మే నెలలో హైదరాబాదు వీధిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కార్యాలయం లోపల 24 డిగ్రీలు ఉంటుందనుకుంటే తేడా 16 డిగ్రీలు. ఒక సెన్సార్ నిరోధం డిగ్రీకి 0.1 శాతం మారుతుందని ఊహిస్తే, ఈ తేడా 1.6 శాతం నిరోధ మార్పుకు దారితీస్తుంది. గేజ్ గుణకం 2.4 అయినప్పుడు అది సుమారు 0.7 శాతం వికృతితో సమానం. చర్మపు వెచ్చదనం సెన్సార్‌ను కొంత నిలకడగా ఉంచినా, మెట్రో స్టేషన్ నుంచి కార్యాలయంలోకి అడుగుపెట్టిన ఉద్యోగి మెడ కదపకపోయినా పరికరం కదిలినట్లు చూపే ప్రమాదం ఉంది. సాగని మరో జంట సెన్సార్‌ను పక్కనే ఉంచి, రెండింటినీ వీట్‌స్టన్ బ్రిడ్జిలో కలిపి, ఉమ్మడి మార్పును తీసివేయడం దీనికి పాత కాలం నుంచీ ఉన్న పరిష్కారం.

6.3 చెమట, అతుకు: చెమటలోని లవణాలు విద్యుత్తును ప్రసరింపజేస్తాయి. సెన్సార్‌కు రక్షణపొర లేకపోతే చెమట సమాంతర మార్గంగా మారి నిరోధాన్ని తక్కువగా చూపుతుంది. రక్షణపొర మందమైతే చర్మానికి గాలి ఆడదు, దురద పుడుతుంది. అతుకు జారితే చర్మం సాగినా సెన్సార్ సాగదు. మెత్తని సెన్సార్‌కూ గట్టి తీగకూ మధ్య ఉండే అతుకు తరచు మొదట తెగే చోటు.

6.4 సంకేత సేకరణ: సాధారణ శరీర కదలికల పౌనఃపున్యం చాలావరకు 20 హెర్ట్జ్ లోపే ఉంటుంది. అందువల్ల సెకనుకు 50 కొలతలు చాలు. 8 గంటల పనిదినంలో ఒక సెన్సార్ నుంచి 14.4 లక్షల కొలతలు వస్తాయి. నేటి సూక్ష్మనియంత్రకాలకు, బ్లూటూత్‌కు ఇది భారం కాదు. భారమంతా క్రమాంకనంలో ఉంది. ఇద్దరు వ్యక్తుల మెడ పొడవు, చర్మపు బిగువు, అతికించిన స్థానం ఒకటి కావు. ఒకే వ్యక్తి విషయంలోనూ సోమవారం అతికించిన చోటు, మంగళవారం అతికించిన చోటు ఒకటి కావు. ధరించిన ప్రతిసారీ తెలిసిన ఒకటి రెండు భంగిమలతో పరికరాన్ని సరిచూసుకోవాలి.

ఈ అడ్డంకులను దాటించే వనరులు నగరంలో కొంతవరకు సమకూరాయి. 2022లో టి–హబ్ రాయదుర్గంలో కొత్త భవనానికి విస్తరించింది. 2023లో దాని సమీపంలోనే నమూనా పరికరాల తయారీ కేంద్రం టి–వర్క్స్ ప్రారంభమైంది. హైదరాబాదుకు చెందిన స్టార్టూన్ ల్యాబ్స్ రూపొందించిన ‘ఫీజీ’ పరికరం కీలు కదిలే పరిధిని, కండరపు విద్యుత్ సంకేతాన్ని కొలిచి ఫిజియోథెరపీకి సాయపడుతోంది. చికిత్సకుడి పర్యవేక్షణలో కొన్ని నిమిషాల కొలతకూ, రోజంతా ఒంటిపై ఉండే కొలతకూ మధ్య దూరం మాత్రం ఇంకా మిగిలే ఉంది.

7. కోణం తెలిస్తే నొప్పి తెలుస్తుందా?

సాంకేతిక సమస్యలన్నీ తీరినా ఒక మౌలిక ప్రశ్న మిగులుతుంది. 2014లో శస్త్రవైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ కంప్యూటర్ నమూనా ఆధారంగా, తల 60 డిగ్రీలు ముందుకు వంగితే మెడ వెన్నుపూసలపై సుమారు 27 కిలోల భారం పడుతుందని లెక్కకట్టారు. ఈ అంకె విస్తృత ప్రచారం పొందింది. అది బలాన్ని గురించిన గణన మాత్రమే, నొప్పిని గురించిన పరిశీలన కాదు. 2016లో ప్రచురితమైన ఆస్ట్రేలియా అధ్యయనం 17 ఏళ్ల వయసున్న వెయ్యిమందికి పైగా యువజనుల మెడ భంగిమలను వర్గీకరించి చూసింది. భంగిమ రకానికీ మెడనొప్పికీ అందులో సంబంధం కనిపించలేదు. ఆ యువజనుల ఫలితాన్ని నడివయసు ఉద్యోగులకు యథాతథంగా వర్తింపజేయరాదు. అయినా ‘తప్పు భంగిమ’ అన్న భావనను పునరాలోచించడానికి అది చాలు.

సెన్సార్ ఇచ్చేది వికృతి. దాని నుంచి గణించేది కోణం. కోణం నుంచి ఊహించేది భారం. భారం నుంచి అనుమానించేది నొప్పి. ఒక్కొక్క మెట్టులో అనిశ్చితి పెరుగుతుంది. కాబట్టి ‘మీ భంగిమ సరిగా లేదు’ అని హెచ్చరించే పరికరం తాను కొలవని విషయాన్ని చెబుతున్నట్లే. ‘మీరు 50 నిమిషాలుగా మెడ కదపలేదు’ అని చెప్పే పరికరం తాను కొలిచినదాన్నే చెబుతుంది. కూర్చొనే వ్యవధి, మధ్యలో లేచిన సంఖ్య, కదలికల వైవిధ్యం వంటి కొలతలు పోషకాహార సంస్థ అధ్యయనం లేవనెత్తిన ప్రశ్నలకు నేరుగా పనికివస్తాయి. వాటికి కచ్చితమైన కోణం కూడా అక్కరలేదు, కదిలిందా లేదా అన్నది తెలిస్తే చాలు. నేటి సెన్సార్ల శైథిల్య పరిమితిలోనే ఈ పని సాధ్యం.

8. కొలత ఎవరిది?

కండరపు కదలిక వైద్యుడికి లక్షణం, పరిశోధకుడికి దత్తాంశం, యజమానికి పనితీరు కొలమానం. ఒకే సంకేతం ముగ్గురి చేతుల్లో మూడు అర్థాలు సంతరించుకుంటుంది. ఉద్యోగి కుర్చీలోంచి లేచిన సమయాన్ని నమోదు చేసే పరికరం ఆరోగ్య సాధనంగా ప్రవేశించి హాజరుపట్టీగా మారడానికి సాంకేతికంగా ఏ మార్పూ అవసరం లేదు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి వ్యాజ్యంలో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, షరతులు లేకుండా ఉండాలి. సమ్మతి ఇచ్చినంత సులభంగా దానిని ఉపసంహరించుకొనే వీలుండాలి. సమ్మతి కోరే నోటీసును ఆంగ్లంలో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొనే అవకాశం కల్పించాలి. అందులో తెలుగూ ఒకటి.

అయితే రెండు అంశాలు ఆలోచింపజేస్తాయి. ఉద్యోగ సంబంధ ప్రయోజనాల కోసం, యజమానిని నష్టం నుంచి కాపాడే ప్రయోజనాల కోసం సమ్మతి లేకుండానే డేటాను వినియోగించే వెసులుబాటును చట్టంలోని ఏడవ సెక్షన్ ఇస్తుంది. రెండవది, 2011 నాటి నిబంధనలు శారీరక ఆరోగ్యస్థితిని సున్నిత సమాచారంగా ప్రత్యేకించగా, 2023 చట్టంలో అటువంటి ప్రత్యేక వర్గం లేదు. ఈ పరిస్థితిలో రక్షణను చట్టానికే వదిలివేయక పరికర నిర్మాణంలోనే చేర్చడం మేలు. సంకేతాన్ని ఒంటిమీది సూక్ష్మనియంత్రకంలోనే విశ్లేషించి, రోజువారీ సారాంశాన్ని ధరించినవారికే చూపి, ముడి సంకేతాన్ని చెరిపివేయవచ్చు. ఐ.టి. సంస్థలతో కలిసి అధ్యయనం తలపెట్టే విశ్వవిద్యాలయాలు, వ్యక్తిగత ఫలితాలు యాజమాన్యానికి చేరవన్న నిబంధనను ఒప్పందంలోనే రాసుకోవడం ఉచితం. యజమాని సమక్షంలో ఉద్యోగి ఇచ్చే సమ్మతి ఎంత స్వేచ్ఛాయుతమన్న ప్రశ్నను నైతిక సంఘాలు విడిగా పరిశీలించాలి.

9. ముగింపు

1. శరీర కదలికలను కొలిచే సెన్సార్‌కు సున్నితత్వం, సాగే గుణం పరస్పర విరుద్ధ అవసరాలు. వికృతి పరిధిని పేర్కొనని గేజ్ గుణకం పోలికకు పనికిరాదు.

2. హైదరాబాదు ఐ.ఐ.టి. ప్రయోగం సామాన్య సామగ్రితో, ద్రావణులు లేకుండా, లోహపు గేజ్‌తో సమానమైన సున్నితత్వాన్ని సాధించింది. జిల్లా కళాశాలల ప్రయోగశాలలకూ ఈ మార్గం అందుబాటులో ఉన్నదే.

3. ఐ.టి. ఉద్యోగుల విషయంలో కొలవవలసింది ప్రధానంగా నిశ్చలత. కాబట్టి వేగమైన వంపులతోపాటు, గంటల తరబడి నిలిపి ఉంచిన వికృతి కింద సంకేతం ఎంత జారుతుందో పరిశోధన పత్రాలు నమోదు చేయాలి.

4. స్థానిక వేసవి ఉష్ణోగ్రతలలో, చెమటలో, వేర్వేరు శరీరాలపై పరీక్షించనిదే ప్రయోగశాల ఫలితాన్ని క్షేత్రానికి అన్వయించరాదు.

5. సెన్సార్ కోణాన్ని కొలుస్తుంది, నొప్పిని కాదు. వ్యవధి, విరామాల కొలతే ప్రస్తుతానికి నమ్మదగిన ప్రయోజనం.

6. కొలత ధరించినవారి అధీనంలో ఉన్నప్పుడే అది ఆరోగ్య సాధనం. ఆ అధీనం చేజారితే అదే పట్టీ నిఘా సాధనమవుతుంది. ఈ నిర్ణయం పరికరం రూపకల్పన దశలోనే జరగాలి.

కందిలోని ప్రయోగశాలకూ హైటెక్ సిటీలోని కుర్చీకీ మధ్య దూరం కొన్ని పదుల కిలోమీటర్లే. పదార్థశాస్త్రజ్ఞులు, ఫిజియోథెరపిస్టులు, న్యాయశాస్త్ర అధ్యాపకులు కలిసి పనిచేసినప్పుడే ఆ దూరం తగ్గుతుంది. అటువంటి ఉమ్మడి అధ్యయనాలకు ఈ నగరం అనువైన క్షేత్రం.